మనిషి బొమ్మ చేయడానికి మట్టి మంచిదా, డిజిటల్ మంచిదా? రెండిట్లోనూ చేతులు కాల్చుకున్నాక చెప్తున్నా

కంప్యూటర్ స్క్రీన్ మీద, 3డీ సాఫ్ట్‌వేర్‌లో నేను చేసిన మొట్టమొదటి పూర్తి మనిషి బొమ్మకి దాదాపు 40 గంటలు పట్టింది. ఒక కాలి మీద బరువేసి, ఓ చెయ్యి నడుం మీద పెట్టి, తల కాస్త పక్కకి తిప్పి నిలబడ్డ ఆడమనిషి, ఎటు తిప్పి చూసినా బానే ఉందనిపించింది, తెల్సినవాళ్లందరికీ స్క్రీన్‌షాట్లు కూడా పంపేశా. తర్వాత 15 సెంటీమీటర్ల ఎత్తులో రెసిన్ ప్రింట్ (రెసిన్ అనే ద్రవాన్ని పొరలు పొరలుగా గట్టిపరిచే 3డీ ప్రింట్) తీయించి టేబుల్ మీద నిలబెడితే వెనక్కి పడిపోయింది. మళ్లీ నిలబెట్టా, మళ్లీ పడింది. కింద దిమ్మ పెట్టలేదు కదా అందుకే అనుకున్నా ముందు, కానీ సంగతి అది కాదు, ఆ మనిషి ప్రాణమొచ్చి నిజంగా అలా నిలబడినా పడిపోయేదే, ఒంటి బరువంతా మడమల వెనక్కి పోయింది. 40 గంటలు తిప్పి తిప్పి చూసినా నా కంటికి అది ఆనలేదు, ఎందుకంటే స్క్రీన్ లోపల ఎవరూ పడిపోరు.

మట్టి అలా కాదు, పడిపోయే బొమ్మని అన్ని గంటలు చేయనివ్వదు. నా మొదటి మట్టిబొమ్మ 30 సెం.మీ. ఉంటుందేమో, లోపల పల్చటి తీగ ఒకే ఒక్క వరస పెట్టా, రాత్రి తడిబట్ట కప్పి పడుకుని పొద్దున్న తీసి చూస్తే పిర్రలు తొడల్లోకి, తొడలు మోకాళ్లలోకి జారిపోయి కూలబడి ఉంది. వినాయకుణ్ణి చేయబోతే కోతైందంటారే, కోతైనా నయం, కాళ్ల మీద నిలబడుతుంది.

అందుకే ఏది బెటర్ అని ఎవరైనా అడిగితే నేను ముందు ఆలోచించేది ఖర్చు గురించో టైం గురించో కాదు, ఈ బరువు గురించే. మట్టికి బరువూ సైజూ మొదటి నిమిషం నుంచీ ఉంటాయి. స్క్రీన్ మీద ఆ రెండూ ఉండవు, మనమే గుర్తుపెట్టుకుని తెచ్చిపెట్టుకోవాలి. మిగతా తేడాలు చాలావరకు దీన్లోంచే పుట్టుకొస్తాయి.

రెండిట్లోనూ ఏ మాత్రం మారనిది మనిషి ఒళ్లు, అది ముందే చెప్పేస్తా. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు, ఏడాది పిల్లలైతే నాలుగు తలలే. నిలబడ్డ మనిషి ఎత్తులో సగం దగ్గర జఘనాస్థి, అంటే పొత్తికడుపు కింద ఉండే ఎముక, వస్తుంది, బొడ్డు కాదు, కొత్తవాళ్లు బొడ్డు దగ్గర సగం పెట్టి కాళ్లు సాగదీసేస్తారు. ఒక కాలి మీద బరువేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందకి దిగుతుంది, మెడ కింద గుంట నుంచి దారానికి రాయి కట్టి వదిలితే బరువు మోసే కాలి లోపలి చీలమండ దగ్గరకొచ్చి పడుతుంది. ఇవి తెలియకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా, ఎంత మంచి మట్టి తెచ్చుకున్నా ఒకటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది. ఊడాన్ అనే ఫ్రెంచ్ శిల్పి 1767లో చర్మం తీసేసినట్టు కండరాలు మాత్రమే కనపడే నిలువు మనిషిని చేశాడు, దాని ప్లాస్టర్ నకళ్లు పెట్టుకుని ఎన్ని తరాల స్టూడెంట్లు నేర్చుకున్నారో, ఇవాళ అలాంటి కండరాల మోడల్‌నే సాఫ్ట్‌వేర్‌లో పక్కన తెరిచి పెట్టుకుంటున్నారు. చూడాల్సింది మాత్రం అదే ఒళ్లు.

మట్టి అంటే ఒక్కటి కాదు

మట్టి వర్సెస్ డిజిటల్ అని మాట్లాడేటప్పుడు చాలామంది మట్టంతా ఒకటే అన్నట్టు మాట్లాడతారు, అక్కడే సగం తప్పు నిర్ణయాలు జరుగుతాయి. కనీసం మూడు రకాలున్నాయి, మూడింటికీ మూడు స్వభావాలు.

మొదటిది నీళ్లతో కలిసిన మామూలు బంకమట్టి. చేతికి ఇంత హాయిగా ఉండేది ఇంకోటి లేదు, బొటనవేలుతో నొక్కితే చెంప వస్తుంది, ఇంకాస్త నొక్కితే కంటిగుంట వస్తుంది, వేగంగా పెద్ద పెద్ద ముద్దలు పెట్టుకుంటూ పోవచ్చు. పదార్థం కూడా బాగా చవక, ఎండిపోయినా కాల్చనంతవరకు మళ్లీ నానబెట్టి పిసికి వాడుకోవచ్చు. కానీ ఇది రోజూ చూసుకోవాల్సిన పసిపిల్ల లాంటిది. ఆపిన ప్రతిసారీ తడిబట్ట, దాని మీద ప్లాస్టిక్ కవర్, అప్పుడప్పుడూ నీళ్ల స్ప్రే, వారం రోజులు ఊరెళ్లొస్తే వేళ్లూ ముక్కూ చెవులూ ముందు ఎండి రాలిపోయి ఉంటాయి. ఎండేటప్పుడు కుంచించుకుపోతుంది, కాలిస్తే ఇంకా కుంచించుకుపోతుంది, మట్టిని బట్టి మొత్తం మీద 8 నుంచి 12 శాతం దాకా పోవడం మామూలే. కాల్చిన మట్టిపొడి, అదే గ్రాగ్ అంటారు, కలిపిన మట్టి తీసుకుంటే కొంచెం తక్కువ తగ్గుతుంది, బీటలూ తక్కువ, కానీ చిన్న ముఖం మీద ఆ గరుకు విసిగిస్తుంది.

రెండోది నూనెమట్టి, ప్లాస్టిసిన్ జాతి. మైనం, నూనె, పొడి కలిపి చేస్తారు, ఎప్పటికీ ఎండదు, ఆరు నెలలు వదిలేసి వచ్చినా అక్కడి నుంచే మొదలెట్టొచ్చు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి రెండు గంటలే దొరికేవాళ్లకి నా ఓటు కళ్లు మూసుకుని దీనికే. చిక్కేంటంటే దీన్ని కాల్చలేం, అలాగే దాచుకోలేం కూడా, బొమ్మ మిగలాలంటే అచ్చు తీసి ప్లాస్టర్‌లోనో రెసిన్‌లోనో పోత పోయాల్సిందే. కొన్ని నూనెమట్టుల్లో గంధకం ఉంటుంది, ప్లాటినం రకం సిలికాన్ రబ్బరు దాని మీద పోస్తే తగిలిన చోటల్లా గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది, మూడు వారాల పని మీద ఆ జిగట చూసినప్పుడు వచ్చే ఏడుపు మామూలుగా ఉండదు, కాబట్టి కొనేముందే ప్యాకెట్ మీద గంధకం లేనిదా కాదా చూస్కోండి.

మూడోది పాలిమర్ క్లే. నిజానికి ఇది మట్టే కాదు, పీవీసీ ప్లాస్టిక్. రకాన్ని బట్టి 130 డిగ్రీల దగ్గర్లో ఓవెన్‌లో పెడితే గట్టిపడుతుంది, లోపల తీగ ఉన్నా ఫర్వాలేదు, దాదాపు కుంచించుకుపోదు. అరచేతంత బొమ్మలకి బ్రహ్మాండం, అంతకంటే పెద్దవైతే వద్దు. ప్యాకెట్ మీద చెప్పిన వేడి దాటిస్తే మాడి హానికరమైన పొగ వస్తుంది, వంట చేసే ఓవెన్ వాడకండి.

లోపల ఉండే తీగ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు

మట్టి మనిషి అంటే సగం పని పైకి కనపడదు. ఆర్మేచర్ అంటాం కదా, లోపలి అస్థిపంజరం, అది తప్పు పెడితే పైన ఎంత బాగా చేసినా చివరికి మోచేతి దగ్గరో చీలమండ దగ్గరో తీగ బయటకి పొడుచుకొస్తుంది, దాన్ని కప్పడానికి మట్టి పెట్టుకుంటూ పోతే చీలమండ స్తంభమవుతుంది. 30 సెం.మీ. బొమ్మకి 3-4 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పేటలు మెలేసి వాడతాం, మెలేస్తే మట్టి పట్టుకుంటుంది కూడా. తుంటి దగ్గర వెనకనుంచి ఒక ఇనుప కడ్డీ వచ్చి బొమ్మ బరువంతా మొయ్యాలి, కాళ్లు మొయ్యకూడదు. పెద్ద బొమ్మలైతే ఛాతీ లోపల చిన్న చెక్కముక్కలు సిలువలా కట్టి తీగతో వేలాడదీస్తారు, మట్టి జారకుండా అవే ఆపుతాయి.

సైజు పెంచేముందు ఒక చిన్న లెక్క చేస్కోండి. 30 సెం.మీ. మనిషికి మట్టి ఓ 700 గ్రాములు పడుతుంది. 60 సెం.మీ. అంటే ఎత్తు రెండింతలే, కానీ మట్టి ఎనిమిదింతలు, అంటే ఐదారు కిలోలు. నిలువెత్తు మనిషిని గట్టిగా మట్టితోనే నింపితే 130 కిలోలు దాటుతుంది, అందుకే పెద్దవాటికి లోపల థర్మోకోల్ లాంటి తేలికైన వాటితో నింపి పైన మట్టి పొర వేస్తారు. ఈ లెక్క తెలియకుండా మొదటి బొమ్మే రెండడుగులది మొదలుపెట్టినవాళ్లలో దాన్ని పూర్తి చేసినవాళ్లని నేనింకా చూడలేదు. పేరున్నవాళ్లూ దీనికి అతీతులేం కాదులెండి, ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా తను చేసిన పద్నాలుగేళ్ల డాన్సర్ మైనపు బొమ్మ 1881లో ప్రదర్శనకి పెట్టాడు, తర్వాతి కాలంలో ఎక్స్‌రే తీసి చూస్తే చేతుల లోపల పెయింటింగ్ బ్రష్షులు బయటపడ్డాయి, చేతికి ఏది దొరికితే అది కుక్కేశాడు. 1917లో ఆయన పోయాక స్టూడియోలో 150 దాకా బొమ్మలు దొరికితే వాటిలో చాలావరకు విరిగీ నలిగీ ఉన్నాయి.

ఇంకో పితలాటకం, నీటిమట్టిని బట్టీలో కాల్చాలనుకుంటే లోపల తీగ ఉండకూడదు. మట్టి కుంచించుకుపోతుంది, తీగ కుంచించుకుపోదు, కాబట్టి కాల్చేదాకా కూడా ఆగదు, ఎండేటప్పుడే పగులుతుంది. అంటే కాల్చే బొమ్మకి తీసేయగలిగే ఆసరా పెట్టి చేసి, తోలంత గట్టిపడ్డాక తీగతో కోసి, లోపల తొలిచి, గోడ రెండు సెంటీమీటర్లకి మించకుండా చూసి, కోసిన అంచుల మీద గీతలు గీకి పల్చటి మట్టి పూసి మళ్లీ అతకాలి. ఒకసారి నేను తొలిచిన తలని పైన ఎండిపోయింది కదా అని తొందరపడి బట్టీకిచ్చా, మెడ దగ్గర గోడ మందంగా ఉండి లోపల తడి మిగిలిపోయింది, 100 డిగ్రీలు దాటగానే ఆ తడి ఆవిరై తల నాలుగు ముక్కలైంది, పక్కన ఇంకొకరి కప్పులు కూడా పోయాయి, ఆ మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. చాలామంది గాలిబుడగ వల్ల పేలుతుందని చెప్తారు, అసలు దోషి గాలి కాదు, నీళ్లు. ఇక 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా రూపం మార్చుకుని సైజు మారుతుంది, అక్కడ గబగబా వేడెక్కించినా చల్లార్చినా బీటలే.

ఇదంతా చదివి భయపడి ట్యాబ్లెట్ కొనేయకండి, స్క్రీన్ గొయ్యిలు వేరే ఉన్నాయి.

స్క్రీన్ మీద జరిగే మోసాలు

మొదటి మోసం సిమెట్రీ. ఎడమవైపు చేస్తే కుడివైపు దానంతటదే వస్తుంది, సగం పని మిగిలినట్టు అనిపిస్తుంది, నిజంగా మిగుల్తుంది కూడా. కానీ మనిషి అలా ఉండడు కదా, సిమెట్రీ ఆన్‌లో పెట్టి వేళ్ల గోళ్ల దాకా చెక్కేసి చివర్లో భంగిమ పెట్టినవాళ్ల బొమ్మలు షాపు ముందు నిలబెట్టిన బట్టల బొమ్మని తీసి చేతులు వంచినట్టుంటాయి. తుంటి వంగుతుంది కానీ ఆ వైపు నడుం మడత పడదు, భుజం దిగుతుంది కానీ మెడ కండరం సాగదు. తల ఒక్కటే చేస్తుంటే సిమెట్రీ కొంచెం ఎక్కువసేపు ఉంచినా పర్లేదు, మొత్తం మనిషైతే పెద్ద రూపాలు కుదరగానే ఆపేయండి, భంగిమ పెట్టాకే కండరాల్లోకి వెళ్లండి.

రెండోది కెమెరా. ఇది నన్ను ఏడాది ఏడిపించింది. బొమ్మలు చెక్కే సాఫ్ట్‌వేర్ జీబ్రష్‌లో మామూలుగా పర్స్పెక్టివ్ ఆఫ్‌లో ఉంటుంది, అంటే దూరం దగ్గర అనే తేడా లేకుండా చూపిస్తుంది, పక్కన పెట్టుకున్న ఫోటో మాత్రం ఏదో లెన్సుతో ఏదో దూరం నుంచి తీసింది. దగ్గరగా తీసిన ఫోటోలో ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి దాక్కున్నట్టు ఉంటాయి, దాన్ని చూసి పర్స్పెక్టివ్ లేని బొమ్మలో అలాగే చేస్తే తల వెడల్పు తగ్గి చేపలా తయారవుతుంది. కీబోర్డు మీద పీ నొక్కితే పర్స్పెక్టివ్ ఆన్ అవుతుంది, అంతే పని. బ్లెండర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో నంబర్ ప్యాడ్ మీద 5, అక్కడ వ్యూ లెన్సు మామూలుగా 50 మి.మీ. ఉంటుంది, ముఖాలకి 80-90కి పెంచుకుంటే పోర్ట్రెయిట్ ఫోటోలకి దగ్గరగా వస్తుంది. మట్టిలో ఈ గొడవే లేదు, మీ కన్నే కెమెరా, రెండడుగులు వెనక్కి జరిగితే అయిపోయింది.

మూడోది జూమ్. కంటిరెప్ప దాకా వెళ్లి ముడతలు చెక్కుతూ కూర్చుంటాం, అది తెరంతా నిండి ఉంటుంది కాబట్టి పెద్ద పని చేస్తున్నట్టు ఉంటుంది. 15 సెం.మీ. ప్రింట్‌లో కన్ను వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు, రెప్ప మందం 0.2 కూడా రాదు. రెసిన్ ప్రింటర్ పొర మామూలుగా 0.05 మి.మీ., ప్లాస్టిక్ దారం కరిగించే ప్రింటర్‌కి 0.2 దగ్గర, ఇక చర్మం రంధ్రాల మీద మీరు పోసిన రెండు సాయంత్రాలు ఎక్కడికి పోయాయో వేరే చెప్పాలా. చిన్న సైజు ప్రింట్ కోసం చేస్తుంటే రెప్పలూ పెదాల అంచులూ ఉన్నదానికంటే లోతుగా, కొంచెం అతిగా చెక్కాలి, తెర మీద వెకిలిగా కనిపిస్తుంది, చేతిలోకొచ్చాక సరిగ్గా ఉంటుంది. మొదటి రోజే అసలు సైజు ఎంతో రాసిపెట్టుకుని, పక్కన ఒక అగ్గిపెట్టె సైజు దిమ్మ పెట్టుకుని పనిచేయడం నాకు బాగా పనికొచ్చింది.

నాలుగోది కొంచెం వాదనకి దారితీసే మాట, అండూ, అంటే చేసిన పనిని ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకోవడం. అందరూ డిజిటల్‌కి ఇదే పెద్ద ప్లస్ అంటారు, కస్టమర్ మార్పులు అడిగే పనిలో నిజంగానే ప్రాణదానం. నేర్చుకునేటప్పుడు మాత్రం నా అనుమానం వేరు. మట్టిలో ముక్కు కుదరకపోతే కోసి పారేసి మళ్లీ మొదటినుంచి పెడతాం, అలా ఆరోసారి పెట్టిన ముక్కు మొదటిదానికంటే బాగుండి తీరుతుంది, చేతికి దారి తెలుస్తుంది. స్క్రీన్ మీద ఆ మొదటి ముక్కునే ఇటు లాగి అటు నొక్కి స్మూత్ చేసి మళ్లీ లాగి, రెండు గంటల తర్వాత చూస్తే అదే ముక్కు, కాస్త ఉబ్బి ఉంటుంది. ఎవరి డిజిటల్ బొమ్మైనా సబ్బులా మెత్తగా కరిగినట్టుంటే స్మూత్ బ్రష్ ఎక్కువైందని అర్థం. దీనికి నేను చేసే వైద్యం ఒకటే, తలని కోసేసి కొత్త గోళంతో మొదలెట్టడం, అరగంట టైమర్ పెట్టి.

ఇన్ని తిట్టినా డిజిటల్‌లో చేయగలిగే కొన్ని పనులు మట్టిలో కలలో కూడా చేయలేం. జీబ్రష్ డైనామెష్ అయినా బ్లెండర్ వాక్సెల్ రీమెష్ అయినా, ఒక గోళంలోంచి చేతులు లాగి, సాగిపోయిన మెష్‌ని, అంటే బొమ్మ ఉపరితలాన్ని చేసే చిన్న పలకల (పాలిగాన్ల) వలని, ఈ టూల్స్‌తో మళ్లీ సమంగా చేసి, ఇంకా లాగి, ఇలా ఎంతైనా పోవచ్చు, తీగ లేదు, బరువు లేదు. గాల్లో ఎగిరే మనిషి, ఒంటి చేతి మీద నిలబడ్డ మనిషి, నీళ్లలో ఈదే మనిషి, మట్టిలో ఒక్కోదానికి ఆసరా కట్టడమే ఒక ప్రాజెక్టు. అదే మనిషిని పది భంగిమల్లో చూసి ఒకటి ఎంచుకోవచ్చు, ఎడమచెయ్యి పొడవైపోయిందని చివరి రోజు తెలిసినా మిగతా ఒళ్లు కదలకుండా మాస్క్ వేసి తగ్గించెయ్యొచ్చు, మట్టిలో అది చెయ్యి నరకడమే. ఒకే ఫైలు నుంచి బొటనవేలంత, మోకాలెత్తు, నిలువెత్తు ఏది కావాలంటే అది. గేములకీ యానిమేషన్‌కీ అయితే చర్చే లేదు, అక్కడ బొమ్మ బయటకి రానే రాదు, రెండో మాట లేకుండా డిజిటల్ నేర్చుకోండి.

ఒంటికి, జేబుకి

ఎండిన మట్టిధూళిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, అందుకే పొడిగా ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి, ఎండిన బొమ్మని సాండ్‌పేపర్‌తో రుద్దాల్సొస్తే మాస్క్. రెసిన్ ప్రింటింగ్ శుభ్రమైన పని అనుకునేవాళ్లకి ఒక మాట, గట్టిపడని రెసిన్ చర్మానికి తగిలితే ఎలర్జీ పట్టుకోవచ్చు, పట్టుకుంటే ఇక జీవితాంతం, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి, గాలి ఆడే గదిలో పెట్టండి. ఇక మెడనొప్పి, మణికట్టు నొప్పి డిజిటల్ వాటా, మట్టిలో కనీసం నిలబడి చుట్టూ తిరుగుతాం.

డబ్బు లెక్క అనుకున్నంత తేడాగా ఉండదు. మట్టిలో మొదలుపెట్టడం చవక, మూడు నాలుగు చెక్క టూల్స్, రెండు తీగ లూపులు, తిరిగే బల్ల ఒకటి, కొలతలు తీసే కాలిపర్ ఒకటి చాలు, కానీ తర్వాత అచ్చులకీ పోతలకీ బట్టీకీ ప్రతి బొమ్మకీ మళ్లీ ఖర్చు, ఇంకా పెద్ద ఖర్చు చోటు. డిజిటల్‌లో కంప్యూటరూ పెన్ ట్యాబ్లెటూ మొదట్లోనే నొప్పి, తర్వాత బొమ్మ బొమ్మకీ అయ్యేది కరెంటే, ప్రింట్ తీస్తే తప్ప. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, బ్లెండర్ పూర్తిగా ఉచితం, శిల్పం నేర్చుకోవడానికి అవసరమైన బ్రష్‌లన్నీ దాన్లో ఉన్నాయి. ఫోన్ లేదా ట్యాబ్‌లో నోమాడ్ స్కల్ప్ట్ అనే యాప్ ఒకసారి కొంటే చాలు, మంచం మీద పడుకుని కూడా చెక్కొచ్చు, అలవాటు కోసం నేను ఎక్కువమందికి దీన్నే చెప్తా. జీబ్రష్ 1999 నుంచి ఉంది, కోట్ల పాలిగాన్లున్నా ఇరుక్కుపోదు, స్టూడియోల్లో ఉద్యోగం కావాలంటే తప్పదు, 2021-22లో మాక్సాన్ అనే కంపెనీ చేతికి వెళ్లాక మెల్లగా చందా పద్ధతిలోకి మారింది, కాబట్టి సరదాకి నేర్చుకునేవాళ్లు నెలనెలా కట్టుకుంటూ కూర్చోవద్దు.

మరి మీరేది తీసుకోవాలి

ఇప్పటిదాకా ఏదీ చేయని మనిషైతే, చివరికి డిజిటల్‌లోనే స్థిరపడాలనుకున్నా సరే, మొదటి రెండు మూడు నెలలు మట్టిలో గడపమంటా. పెద్దవేం వద్దు, పిడికిలంత తల, మీ సొంత చెయ్యి, తర్వాత 30 సెం.మీ. నిలబడ్డ మనిషి ఒకటి, నూనెమట్టితో. దాచుకోవాలనే ఆశ పెట్టుకోకండి, చేసి ఫోటో తీసి పిసికేయండి. ఆ మూడు నెలల్లో చేతికి వచ్చే తూకం తర్వాత స్క్రీన్ మీద తెలియకుండానే పనికొస్తుంది. నేను తిరగేసి వెళ్లా, డిజిటల్ మూడేళ్లు చేసి మట్టికొచ్చా, ఎన్ని అలవాట్లు వదిలించుకోవాల్సొచ్చిందో.

ఇల్లు చిన్నది, పిల్లలున్నారు, మట్టి మరక పడితే గొడవ అనుకుంటే నోమాడ్‌తో మొదలెట్టండి, తప్పేం లేదు, కానీ వారానికోసారి బొమ్మ కింద నేల గీసి, మెడగుంట నుంచి చీలమండకి ఓ సన్నటి కడ్డీ నిలబెట్టి చూస్కోండి, నా 40 గంటలు మీకు పోవు. అలాగే బొమ్మకి ఒకే రంగు మెటీరియల్ పెట్టి, వెలుగు ఒక పక్కనుంచే పడేట్టు తిప్పి చూస్తే తప్పులు బయటపడతాయి, మెరిసే ఎర్ర మైనం లాంటి మెటీరియల్‌లో ఏ బొమ్మైనా అందంగానే ఉంటుంది.

తెలిసిన ఒక మనిషి పోలిక రావాలి, అంటే పోర్ట్రెయిట్, ఆ మనిషి ఎదురుగా కూర్చుంటారంటే మట్టి. ఇందులో నాకు అనుమానమే లేదు, ఎదురుగా ఊపిరి తీసుకుంటున్న మనిషి చుట్టూ తిరుగుతూ ఒక్కో వైపు నుంచి అంచులు పట్టుకుంటూ చేస్తే వచ్చే పోలిక వేరు. ఫ్రెంచ్ శిల్పి రోడాన్ పద్ధతి కూడా అదే, చుట్టూ తిరిగి ఒక్కో కోణం నుంచి అంచు గీతలే చూసేవాడు, అలా చేసిన కంచుయుగం అనే మగమనిషి బొమ్మని 1877లో పెడితే ఇది మనిషి ఒంటి మీదే అచ్చు తీశావని నిందేశారు, పాపం ఆయన మోడల్ ఫోటోలు పట్టుకుని తిరగాల్సొచ్చింది. ఉన్నవి ఫోటోలు మాత్రమే, మనిషి దూరంగా ఉన్నాడు లేదా లేడు అంటే డిజిటల్ సుఖం, ఫోటోని వెనక పెట్టి లెన్సు సరిచూసుకుని పోల్చుకోవచ్చు, ఇంట్లోవాళ్లు కళ్లు ఇంకొంచెం దగ్గరగా ఉండేవంటే గంటలో మార్చి చూపించొచ్చు.

నిలువెత్తు దాటిన బొమ్మైతే రెండూ కావాలి. చిన్నది మట్టిలో చేసి స్కాన్ చేసి, కంప్యూటర్ మిషన్‌తో ఫోమ్ దిమ్మల్లో పెద్దది కోయించి, పైన పల్చగా మట్టి వేసి మళ్లీ చేత్తో పూర్తి చేయడం ఇప్పుడు మామూలు పద్ధతి. దీన్ని మోసం అనేవాళ్లున్నారు, వాళ్లకి ఒకటే చెప్పేది, కొల్లా అనే ఆయన 1830ల్లోనే బొమ్మల సైజు మార్చే యంత్రం తయారు చేశాడు, రోడాన్ చేసిన 'ఆలోచనాపరుడు' అనే శిల్పం కూడా ముందు 70 సెం.మీ. బొమ్మే, తర్వాత 1900ల మొదట్లో లెబొసే అనే పనివాడు అలాంటి యంత్రంతో పెద్దది చేశాడు. పెద్దది చేసేటప్పుడు చూస్కోవాల్సింది ఏంటంటే చిన్నదాన్లో బాగున్న వేలిముద్రలు పెద్దదాన్లో గుంటలవుతాయి, పైన ఉండే బొమ్మని కిందనుంచి చూస్తారు కాబట్టి తల చిన్నదైపోయినట్టు ఉంటుంది, ఇవి చేత్తోనే సరిదిద్దాలి.

వేలిముద్రలంటే గుర్తొచ్చింది, 1925లో ఇప్పటి చెక్ దేశంలోని దొల్ని వెస్తొనిట్సే అనే చోట ఒక కాల్చిన మట్టి ఆడబొమ్మ దొరికింది, 11 సెం.మీ. ఉంటుంది, 25 వేల ఏళ్లకి పైబడింది, దాని మీద ఒక చిన్నపిల్లల వేలిముద్ర ఉంది. నా పదేళ్ల కిందటి ఫైళ్లు కొన్ని ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకోవడం లేదు, కాబట్టి డిజిటల్ చేసేవాళ్లు సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌తో పాటు చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగలిగే ఓబీజే కానీ ఎస్‌టీఎల్ కానీ ఒక కాపీ వేరే డ్రైవ్‌లో పెట్టుకోండి.

మట్టి చేసేవాళ్లు కూడా పనిలోపని ఫోన్‌తో స్కాన్ తీసిపెట్టుకోండి. బొమ్మ చుట్టూ మూడు ఎత్తుల్లో తిరుగుతూ 80-100 ఫోటోలు, వెలుగు నీడ పడకుండా సమంగా ఉండాలి, బొమ్మ కదలకూడదు, మీరే తిరగాలి, నూనెమట్టి మెరుస్తుంటే పైన కాస్త టాల్కమ్ పౌడర్ చల్లండి, లేకపోతే మెరిసిన చోటల్లా మెష్ గుంటలు పడుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టడం మర్చిపోవద్దు, ఫోటోల నుంచి వచ్చే మోడల్‌కి దానంతటదే సైజు తెలియదు. నీటిమట్టి బొమ్మైతే ఇదంతా బట్టీకి ఇవ్వకముందే చేయండి, కాలాక బొమ్మ పదో వంతు చిన్నదైపోయి ఉంటుంది, నా తలలాగా నాలుగు ముక్కలైనా ఫైలన్నా మిగుల్తుంది.